రాయకోట కింద ఒకటిన్నర కొడవలి

రాయకోట కొండ కింద ఒక పల్లెలో నన్ను అర మనిషిగా లెక్క కట్టారు. పదిమంది ముందు, పట్టపగలు, నా మొహం మీదే చెప్పారు. మా రాజ్యం వదినను మాత్రం నిండు మనిషి అన్నారు. అప్పుడు నాకొచ్చిన ఉక్రోషం అంతా ఇంతా కాదు. ఇప్పుడు తెనాలిలో మా వసారాలో కూర్చుని ఇది రాస్తుంటే, ఆ లెక్క కట్టిన ఆవిడకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఎందుకో తెలియాలంటే మొదటినుంచీ చెప్పాలి.

నేను ముప్పై రెండేళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి, పోయిన ఏడాది రిటైరయ్యాను. అన్నేళ్లలో నేను చూసిన ఊళ్లు తిరుపతి, అన్నవరం, ఒకసారి మద్రాసు. మిగతా దేశమంతా నాకు గుండ్రటి నల్ల ముద్రల్లోనే తెలుసు. ఎప్పుడో ఒక కార్డు వచ్చింది. దాని మీద ముద్ర రాయకోట, తమిళనాడు. లోపల మాత్రం తెలుగు. 'ఈడ వానలు బాగా పడినాయి, రాగులు బాగుండాయి' అని రాసుంది. కార్డు కదా, చదవకుండా ఎవరుంటారు? తమిళదేశంలో కూర్చుని తెలుగులో వానల సంగతి రాసే ఈ మనుషులెవరా అని ఆ రోజంతా అనుకున్నాను. ఆ ఊరి పేరు అలా మనసులో ఉండిపోయింది. రిటైరయ్యాక ఎక్కడికైనా వెళ్దామని రాజ్యం వదిన అనగానే నా నోట్లోంచి రాయకోట అని వచ్చేసింది.

రాజ్యం వదిన మా అన్నయ్య భార్య. నాకంటే మూడేళ్లు పెద్దది. కొల్లిపర దగ్గర వ్యవసాయం ఇంట్లో పుట్టి పెరిగింది. "కోటా? మెట్లెక్కాలా?" అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వినకుండానే సంచీ సర్దుకుంది.

హోసూరు: నెల రోజుల తమిళం

డిసెంబరు నెల. బెంగుళూరులో రైలు దిగి, బస్సు పట్టుకుని హోసూరు చేరేసరికి పొద్దున్న ఎనిమిది. తెనాలిలో ఆ నెలకు ఒక దుప్పటి చాలు. ఇక్కడ రెండు శాలువాలు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి.

వచ్చే ముందు నెల రోజులు ఫోను చూసి తమిళం నేర్చుకున్నాను. పూల మార్కెట్లో ఎర్రగులాబీలు కట్టలు కట్టలుగా కాగితాల్లో చుట్టి పెట్టారు. మా ఊళ్లో పెళ్లికొడుకు కోటు మీద ఒక్కటి కనిపించే రకం పూలు అక్కడ కూరగాయల్లా గుట్టలు పోసి ఉన్నాయి. ఒక కట్ట చేతిలోకి తీసుకుని, గొంతు సవరించుకుని, "ఇదు ఎవ్వళవుమ్మా?" అన్నాను.

ఆవిడ తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది. "తెలుగులోనే అడుగమ్మా. సుమ్నే యాల కష్టపడతావు? కట్ట ఎనభై."

సుమ్నే అంటే ఊరికే అని అర్థమట. వదిన నవ్వు ఆ మార్కెట్టు చివరిదాకా వినిపించింది. అదే ఆవిడ పక్కన నిలబడ్డ ముసలాయనతో కన్నడంలో బేరమాడింది, బుట్టలు మోసే మనిషిని తమిళంలో కసిరింది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి గడప దాటినంత సులువుగా వెళ్లి వస్తోంది. నా నెల రోజుల చదువు అక్కడితో సరి.

చంద్రచూడేశ్వరుడి కొండెక్కి దణ్ణం పెట్టుకున్నాం. కొండ మీదినుంచి చూస్తే ఒకపక్క ఫ్యాక్టరీ రేకులు, ఇంకోపక్క గులాబీలు పెంచే తెల్లటి పందిళ్లు. మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో రాగి సంగటి, ఉలవల పులుసు తిన్నాం. ఇద్దరికీ కలిపి నూట పది రూపాయలు. నేను సంగటిని అన్నంలా నములుతుంటే వడ్డించే ఆయన ఆగిపోయాడు. "నమలకూడదమ్మా, పులుసులో అద్ది మింగవల్ల." మింగాను. గొంతులోంచి వేడిగా జారి కడుపులో హాయిగా కూర్చుంది. అన్నం తప్ప ఇంకోటి అన్నమే కాదనుకునే డెల్టా మనిషిని, రెండో ముద్ద అడిగి వేయించుకున్నాను.

ఉద్దనపల్లి దాటాక: రోడ్డు మీద రాగులు

మర్నాడు రాయకోట బస్సెక్కాం. ఉద్దనపల్లిలో బస్సు ఆగితే వేడివేడి మిరపకాయ బజ్జీల వాసనకు ఇద్దరం దిగాం. బజ్జీలు దొరికాయి, బస్సు వెళ్లిపోయింది. సంచులు మా చేతుల్లోనే ఉండటం మా అదృష్టం. ఆటో మాట్లాడుకున్నాం.

ఊరు దాటాక రోడ్డుకు అడ్డంగా రాగి వెన్నులు గడ్డితో సహా పరిచి ఉన్నాయి. ఆటో ఆయన వాటి మీదినుంచే పోనిచ్చాడు. నేను గగ్గోలు పెట్టాను. "ఆపవయ్యా! తినే గింజల మీద బండి తోలతావా?"

ఆయన వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. "తోలకుంటే తిడతారమ్మా. బండ్లు తొక్కితేనే గింజ రాలతాది. ఇంగా రెండుసార్లు తోలమన్నా తోలతాను."

రోడ్డే అక్కడ కళ్లం. దారిన పోయే లారీలు, కార్లు, మాలాంటి ఊరికే తిరిగే వాళ్లు, అందరం తెలియకుండానే ఆ రైతు పనిలో ఒక చెయ్యి వేసి పోతున్నాం. వదిన మాత్రం ఆటో దిగి, పక్కకు జారిన నాలుగు వెన్నులు తీసి మధ్యలోకి విసిరి వచ్చి కూర్చుంది. అలవాటైన చెయ్యి ఊరుకోదు.

రాయకోట: కోట గెలిచింది, నేను పడ్డాను

ఈ సీమను పూర్వం పన్నెండు కోటల సీమ అనేవారట. కొండ కనిపిస్తే చాలు, దాని నెత్తిన ఒక కోట. రాయకోట కొండ ఊరి మీదికి వంగి చూస్తున్నట్టు ఉంటుంది. మెట్లున్నంత దూరం మెట్లు, ఆ తర్వాత ఉత్త బండ. గంటకు పైగా ఎక్కాం. దారిలో రాళ్ల మధ్య సీతాఫలం చెట్లు, ఎండిన గడ్డి, ఎక్కడో నెమలి అరుపు. పైన కూలిన గోడలు, కప్పు లేని గదులు, రాతిలో తొలిచిన నీటి గుంటలు. మనుషులు మేమిద్దరమే. టికెట్టు లేదు, గైడు లేడు, ఫోటో తీస్తానని వెంటపడే వాడు లేడు. ఏ రాజు ఎన్ని ఏనుగులతో ఎక్కాడో గానీ ఆ పూట ఆ కోటకు మేమే రాణులం. కింద టమాటా తోటలు, చెరువులు, రాగి చేలు, వాటి చివర నల్లగా అడవి. వదిన గోడ మీద కూర్చుని బజ్జీల పొట్లం విప్పింది.

దిగేటప్పుడు వదినను కోట గోడతో కలిపి ఫోటో తీద్దామని వెనక్కి రెండడుగులు వేశాను. మూడో అడుగుకు బండ లేదు. కాలు మడత పడి కూలబడ్డాను. చీలమండ చూస్తుండగానే వంకాయలా ఉబ్బింది. వదిన పైకి లేపబోతే నేను పెట్టిన కేక కొండంతా తిరిగింది.

ఆ కేక విని కింది పొదల్లోంచి ఒక మనిషి ఎక్కి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో మేకలు తోలే కర్ర. పేరు మునెమ్మ అని తర్వాత తెలిసింది. నా పాదం చేతిలోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ కదిలించి చూసింది.

"ఎముక ఇరగలేదక్కా. నరం బెణికినాది, అంతే. ఏడవద్దు." తల గుడ్డ చించి బిగించి కట్టింది. "నా భుజం మీద వాలు. నువ్వు నడిసేదేమీ లేదు, నేను నడుస్తాను. నువ్వు సుమ్నే రా."

ఒక భుజానికి మునెమ్మ, ఇంకో భుజానికి వదిన. ఎక్కడానికి గంట పట్టిన కొండ దిగడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో ఆవిడ మేకలు ఆవిడను వదలకుండా మా వెనకే దిగాయి. రాయకోట ఆసుపత్రిలో డాక్టరు కూడా అదే మాట చెప్పాడు: ఎముక బాగానే ఉంది, నాలుగు రోజులు కాలు కింద పెట్టకూడదు. మరి ఆ నాలుగు రోజులు ఎక్కడుండాలి అని మేం మొహమొహాలు చూసుకుంటుంటే మునెమ్మకు అర్థం కాలేదు. "యాడుండేదేమి? మా ఇల్లుండాది గదా."

మునెమ్మ ఇల్లు

కొండకు అవతలి పక్క, అడవి అంచున ముప్పై ఇళ్ల పల్లె. పేరు రాయను. రాయవద్దని గౌరక్క మాట తీసుకుంది. "పేరేస్తే ఏనుగులు చూస్తామని కార్లేసుకొని వస్తారమ్మా" అంది. గౌరక్క గురించి ఇంకాసేపట్లో చెబుతాను.

మునెమ్మ ఇంట్లో ఒక పెద్ద గది, ముందు వసారా, పక్కన మేకల కొట్టం. కోడలు లక్ష్మి తొమ్మిది రోజుల బాలింత. కొడుకు సూళగిరి వైపు ఏదో కంపెనీలో నైట్ షిఫ్టు. చేరి రెండు నెలలే అయిందట, సెలవు అడిగితే పని పోతుంది. ఆ ఉన్న ఒక్క గదిలో బాలింతకూ పసిబిడ్డకూ పక్కన మాకూ పక్క వేశారు. నేను సిగ్గుపడితే లక్ష్మి, "మీరుంటే నాకు మాట్లాడేదానికి తోడయితాది పిన్నమ్మా" అంది.

చింతాకు, ఉప్పు, పసుపు కలిపి కాచి నా కాలికి పట్టు వేసింది మునెమ్మ. రాత్రికి సంగటిలోకి పచ్చి అనపగింజల పితికిపప్పు. నానబెట్టిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి దూకుతుంది. ఆ పని కూర్చుని చేసేదే కాబట్టి నేనూ చేశాను. పది గింజల్లో నాలుగు నా కళ్లజోడుకు తగిలాయి. ఆ పప్పు రుచి మా ఊళ్లో ఎవరికి చెప్పినా నమ్మడం లేదు. నేనే వండి పెడదామంటే తెనాలిలో పచ్చి అనపకాయలు దొరకడం లేదు.

తింటుండగా మునెమ్మ ఫోను మోగింది. ఊరి వాట్సాప్ గుంపులోకి ఎవరో పెట్టిన మాట. అడవి జీపు వాళ్లు చెప్పారట, ఏనుగుల మంద ఉద్దనపల్లి వైపు అడవి దాటి ఈ పక్కకు మళ్లిందని. ఆవిడ ముద్ద పక్కన పెట్టేసింది. ఏటా ఇంతే, రాగులు కోతకొచ్చే వేళకు అవి కర్ణాటక వైపునుంచి వస్తాయట. ఊళ్లో చేలు దాదాపు అన్నీ కోసేశారు. అడవిని ఆనుకుని ఉన్న మునెమ్మ ఎకరన్నర మాత్రం నిలబడే ఉంది. ఆ ఇంటికి ఏడాది తిండి అదే.

"మరి ముందే ఎందుకు కోయలేదు?" అని అడిగాను, తపాలా ఆఫీసు తెలివితో.

అప్పుడు చెప్పింది. ఆ పల్లెలో కూలి మనిషి దొరకడు. తెల్లవారకముందే కంపెనీ బస్సులు వచ్చి వయసులో ఉన్నవాళ్లందర్నీ ఎక్కించుకు పోతాయి. మిగిలిన పది ఇళ్ల ఆడవాళ్లు ఒక వరస పెట్టుకున్నారు. రోజుకొక చేను. ఎవరి చేను కోస్తున్నా, ఇంటికొక కొడవలి రావాలి.

"ఈ పొద్దు నేను నీ చేనికొస్తే, నా చేనికి నువ్వు రావల్ల. దాన్ని బదులంటాము." లక్ష్మి కాన్పుకు కృష్ణగిరి ఆసుపత్రిలో ఉండిపోయి మునెమ్మ రెండు రోజులు కొడవలి పంపలేదు. ఆ రెండూ తీరిస్తేనే ఆవిడ వరస. "రేపు గౌరక్క చేను. ఆడికి నా కొడవళ్లు మూడు పోవల్ల. నాదొకటి, తప్పినవి రెండు. పోకుంటే ఎల్లుండినుంచి వాళ్లంతా కొండవతల పల్లెకు బదులు తీర్చేదానికి పోతారు. నాలుగు దినాలు."

నాలుగు రోజులు ఏనుగులు ఆగుతాయా?

గౌరక్క లెక్క

పొద్దున్నే నేను చేసిన తప్పు పని డబ్బు తీయడం. గౌరక్క వసారాకు వచ్చింది, నన్ను చూడ్డానికి. డెబ్బై ఏళ్లుంటాయి, మునగకాయలా సన్నటి మనిషి, వరసకు పెద్ద ఆవిడే. నేను పర్సు తీసి, "రెండు కొడవళ్లకు కూలి ఎంతైతే అంత నేనిస్తాను, ఈవిడను వరసలో ఉండనివ్వండి" అన్నాను. పెద్ద ఉపకారం చేస్తున్నాననుకున్నాను.

గౌరక్క పర్సు వైపు చూడను కూడా చూడలేదు. "డబ్బిచ్చినావంటే నువ్వు పోతివి, నేను పోతిని. అంతే గదా? బదులైతే మనిషి మళ్లా రావల్ల. నాకు మనిషి కావల్ల తల్లీ."

"కాన్పుకు వెళ్తే కూడా తప్పేనా?" అని నాకు ఉక్రోషం వచ్చింది.

"తప్పని ఎవురన్నారు? పోయిన ఏడు నా కొడవలి ఒకటి తగ్గినాది. నా చేను ఆఖరుకు పోయినాది. సగం ఏనుగులు తినేసినాయి. నేను నోరెత్తినానా? ఒకరికి వదిలితే ఇంగొకరు వదలమంటారు. ఆ పైన ఎవురి చేనికీ ఎవురూ రారు."

అప్పటిదాకా మూల కూర్చుని జుట్టు ముడేసుకుంటున్న వదిన లేచి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, "మునెమ్మా, ఇంకో కొడవలి ఉందా?" అంది.

గౌరక్క ఆవిడ చేతులు తిప్పి అరచేతులు చూసింది. ఎప్పటివో కాయలు ఇంకా ఉన్నాయి. "ఇది కొడవలి పట్టిన చెయ్యే. ఒకటి." తర్వాత నా వైపు తిరిగింది. నా అరచేతులు చూపించాలంటే సిగ్గేసింది. ముద్దర కొట్టీ కొట్టీ కుడి బొటనవేలు ఒక్కటే కాస్త గట్టిపడింది. "కాలు లేకపోతేనేం, నేను వండుతాను" అన్నాను. పదకొండు మందికి మధ్యాహ్నం సంగటి. గౌరక్క ఆలోచించి, "చూస్తాము. సాయంత్రం చెప్తాను" అని కొడవలి నడుముకు దోపుకుని వెళ్లిపోయింది.

ఉండలు

పరీక్ష రాసే పిల్లలా ఉంది నా పని. వసారాలో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద పెద్ద డేగిసా. బాలింత పొయ్యి దగ్గరికి రాకూడదు కాబట్టి లక్ష్మి గడప లోపల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని నాకు పాఠం చెప్పింది. నూకలు ఉడికాయి. పిండి పోశాను. పోసిన వెంటనే, మా ఊళ్లో ఉప్మా కలిపినట్టు, గబగబా తిప్పడం మొదలుపెట్టాను.

"అయ్యో, ఆపు పిన్నమ్మా! తిప్పకూడదు! పిండి గుట్టగా ఉండి ఉడకవల్ల, ఆ పైన తిప్పవల్ల!"

అప్పటికే మునిగిపోయింది. నిమ్మకాయలంత ఉండలు. తెడ్డుతో చితగ్గొట్టాను, డేగిసా అంచుకేసి రుద్దాను, ఒక కాలు చాపి కుర్చీలో కూర్చుని చెమటలు కక్కాను. కొన్ని చితికాయి, కొన్ని చితకలేదు. లక్ష్మి నవ్వుతోంది, ఆ నవ్వుకు బిడ్డ లేచి ఏడుస్తోంది. పరువు కాపాడుకోవడానికి టమాటా పచ్చడి చేశాను. రాయకోట టమాటాలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, చింతపండు, పైన ఇంగువ తాలింపు. తెనాలి మనిషికి అక్కడ మాత్రం చెయ్యి తిరుగుతుంది.

పదకొండు మందీ చేను గట్టున కూర్చుని తిన్నారు. నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టి మునెమ్మ అక్కడికి తోసుకొచ్చింది. ఒక్కొక్కరూ ముద్దలోంచి ఉండ తీసి పక్కన పెడుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. గౌరక్క ఆకు పక్కన ఆరు ఉండలు వరసగా పేర్చింది. పచ్చడి మాత్రం మూడుసార్లు వేయించుకుంది.

వదిన అప్పటికే నాలుగు చాళ్లు ముందుంది. నలభై ఏళ్ల తర్వాత కొడవలి పట్టుకున్న మనిషి మొహంలో ఆ వెలుగు నేను పెళ్లినాడు కూడా చూడలేదు.

ఇంకా పొద్దు ఉండగానే గౌరక్క అందర్నీ పిలిచి లెక్క చెప్పింది. "మునెమ్మ ఒకటి. ఈ తెనాలి వదిన ఒకటి. వంటమ్మది," అని నన్ను చూసింది, "పచ్చడి ఉండాదని అర. సంగటికేమీ లేదు. మొత్తం రెండున్నర."

మూడు కావాలి. అర తక్కువ. నా వల్ల అర తక్కువ. నాకు నిజంగా ఏడుపొచ్చింది. నన్ను కొండ మీదినుంచి భుజాన మోసుకొచ్చిన మనిషికి నేను చేసిన ఉపకారం ఆరు ఉండలు. మునెమ్మ మాత్రం నా వీపు మీద చెయ్యేసి, "ఉండనీలే అక్కా" అంది. తన మొహం చూపించకుండా చేను వైపు తిరిగి నిలబడింది.

అప్పుడు ఊరి వైపునుంచి ఆవిడ కొడుకు వచ్చాడు. రాత్రంతా షిఫ్టులో నిలబడి, పొద్దున్న వచ్చి పడుకున్నవాడు. లేవగానే లక్ష్మి చెప్పినట్టుంది. కంపెనీ చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. తల్లి చేతిలో కొడవలి తీసుకుని మిగిలిన చాళ్లలో దిగాడు. బస్సు వచ్చే వేళ దాకా కోశాడు. చివరి పన కట్టాక గౌరక్క వాణ్ని చూసి, "అర" అంది. అని నడుము పట్టుకుని లేచింది. "రేపు పొద్దున్నే మునెమ్మ చేను. ఎవురూ ఆలస్యం చేయకూడదు."

మునెమ్మ చేను

మర్నాడు పది ఇళ్ల కొడవళ్లూ వచ్చాయి. వదిన లెక్కలో లేకపోయినా దిగింది. నేను వండలేదు, నన్ను వండనివ్వలేదు. గట్టు మీద కూర్చుని పనలకు తాళ్లు అందించాను. పొద్దు గూకకముందే ఎకరన్నర ఖాళీ అయింది, ట్రాక్టరు పనలన్నీ ఊళ్లోకి తోలింది. అడవి వైపు మూల ఒక గంపెడు పైరు మాత్రం కోయకుండా వదిలారు. ఎందుకని అడిగితే, "స్వామికి" అంది మునెమ్మ, అడవి వైపు గడ్డంతో చూపించి.

ఆ మర్నాడు ఎండెక్కాక అందరం వెళ్లి చూశాం. కోత మొదళ్ల మధ్య చేటలంత అడుగులు, బుట్టలు బుట్టలుగా పేడ. మంద ఆ చేనులోంచే నడిచి వెళ్లింది. మూలన వదిలిన గంపెడు పైరు లేదు. ఒక్క రోజు ఆలస్యమై ఉంటే ఆ ఇంటి ఏడాది తిండి పోయేది. మునెమ్మ ఆ అడుగుల వైపు తిరిగి దణ్ణం పెట్టింది. తర్వాత వదినకు పెట్టబోతే వదిన చేతులు పట్టేసుకుంది. గౌరక్క మాత్రం, "ఆ గంపెడు ఏ మూలకు? తిట్టుకుంటా పోయుంటాది" అంది. అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు కళ్లు నిండాయి.

కృష్ణగిరి

కృష్ణగిరిలో ఇంకో పెద్ద కోట. నున్నటి బండకొండ నెత్తిన ఉంది. నా కాలితో ఎక్కే మాట లేదు. వదిన ఒక్కతే ఎక్కి, పైనుంచి ఫోను చేసి, "గోడలున్నాయి, గాలుంది, నువ్వు లేవు" అంది. డ్యాం దగ్గర వేయించిన చేపలు తిన్నాం, ముక్క ముప్పై రూపాయలు. మా కృష్ణా చేపలకు తీసిపోవని ఒప్పుకోక తప్పలేదు. కింద కూర్చుని ఆ కోటను చూస్తూ నేను రాజుల గురించి ఆలోచించలేదు. ఈ సీమను ఇన్నేళ్లు కాపాడింది పైన ఉన్న గోడలా, కింద ఉన్న గౌరక్కలా అని అనుకున్నాను.

బస్టాండుకు మునెమ్మ వచ్చింది. ఒక సంచిలో రాగిపిండి, ఎండిన అనపగింజలు ఇచ్చింది. "అక్కా, మీది ఒకటిన్నర నా మీద ఉండాది. మీ ఊర్లో ఏం పని ఉన్నా పిలవండి." మేం నవ్వి సరేనన్నాం. మర్యాదకు అంటోందనుకున్నాం.

తెనాలి: ఆవకాయ రోజు

వేసవిలో ఒకసారి ఫోనులో మాట్లాడుతూ, వచ్చే ఆదివారం రెండిళ్లకూ కలిపి ఆవకాయ పెడుతున్నామని వదిన మాటవరసకు చెప్పింది. ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో మునెమ్మ. రెండు బస్సులు, ఒక రైలు మారి వచ్చింది. సంచిలో తన కొడవలి ఉంది. "మీ ఊరి కత్తి ఎట్లుంటాదో అని తెచ్చుకున్నా" అంది.

మా ఎండకు అల్లాడిపోతూనే రోజంతా వంద కాయలు కొట్టింది, జీళ్లు తీసింది, ముక్కలు తుడిచింది, ఆవపిండి ఘాటుకు తుమ్ముతూ కలిపింది. మధ్యాహ్నం ముద్దపప్పు, కొత్తావకాయ కలిపి పెడితే, "ఇది నమలవల్లా, మింగవల్లా?" అని అడిగింది. సాయంత్రం జాడీలకు వాసెన కట్టాక చేతులు కడుక్కుని చెప్పింది. "ఇది రాజ్యమక్కది ఒకటి తీరినాది. రైలుకు ఇంగా టైముండాది గదా. నీ అర కూడా చేసేస్తాను. ఏముండాది పని?" అని చుట్టూ చూసి పెరట్లో చీపురు అందుకుంది.

నేను కుంటుకుంటూ వెళ్లి ఆ చీపురు లాక్కున్నాను. కాలు ఎప్పుడో నయమైంది, ఎందుకు కుంటానో తెలియదు.

"వద్దు మునెమ్మా. ఆ అర ఉండనీ."

"బదులు ఉంచుకోకూడదక్కా. గౌరక్క ఒప్పదు."

"గౌరక్కతో నేను మాట్లాడతాను. అది తీరిపోతే నువ్వు మళ్లా రావు."

మునెమ్మ కొడవలి తీసి గుడ్డలో చుట్టింది, సంచిలో పెట్టబోయి ఆగింది. వెనక్కి వచ్చి మా వంటింటి గూట్లో ఆవకాయ జాడీ పక్కన పెట్టింది.

"అయితే ఇది ఈడనే ఉండనీ" అంది. "నాకింట్లో ఇంగొకటుండాది."